10కి సౌండ్ బంద్, 9 దాకా ఫొటోల క్యూ: బెంగళూరు రిసెప్షన్‌లో డీజేకి మిగిలే టైమ్ ఎంత?

అనంతపురం_బీట్స్

అన్నలకు, అక్కలకు నమస్తే. బెంగళూరులో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం, మీ సలహా కావాల. పిల్ల వాళ్లది అనంతపురం, పిల్లోడి వాళ్లు కోలారు వైపు కన్నడ కుటుంబం. ఇద్దరూ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్. ముహూర్తం పొద్దున, రిసెప్షన్ ముందు రోజు సాయంత్రం. దేవనహళ్లి రోడ్డులో ఓపెన్ లాన్, 600 మంది అంటున్నారు. ఒక పక్క ఊరి ఇళ్లు ఉన్నాయి. స్టేజీ నుంచి ఆ గోడ దాకా 60, 65 మీటర్లు. సంగీత్ విడిగా లేదు, ఏడు ఫ్యామిలీ డాన్సులు రిసెప్షన్‌లోనే కలిపేసినారు. కార్డులో 6:30 అని ఉంది. రాత్రి 10కి సౌండ్ పూర్తిగా ఆపాలని లాన్ వాళ్లు అగ్రిమెంట్‌లోనే రాసినారు.

మా వైపు డీజే అంటే భోజనాలైనాక మొదలు. ఇక్కడ ఆ లెక్క కుదరదని తెలుస్తాంది. టైమ్ ఎట్లా పంచుకోవాల, స్పీకర్ బాక్సులు ఎన్ని, రెండు భాషల జనాన్ని ఫ్లోర్ మీద ఎట్లా నిలబెట్టాల? తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

సర్జాపూర్_ప్లానర్

ముందు గడియారం లెక్క చూడండి, పాటల సంగతి తర్వాత. బెంగళూరు రిసెప్షన్‌లో సాయంత్రాన్ని తినేసేది స్టేజీ మీద ఆశీర్వాదాల క్యూ. 600 మంది అయిదేసి మందిగా ఎక్కితే 120 బృందాలు. ఒక్కో బృందానికి దండం, కవరు, ఫొటో కలిపి 40 సెకన్లు. అంటే 80 నిమిషాలు. కార్డులో 6:30 ఉన్నా జంట స్టేజీ ఎక్కేసరికి 7 దాటుతుంది. క్యూ అయ్యేసరికి 8:30. ఏడు డాన్సులు, ఒక్కోటి 4 నిమిషాలు, మధ్యలో మనుషులు మారడానికి నిమిషం, అంటే 35 నిమిషాలు. 9:05 అయింది. ఏ ఒక్కటి పావుగంట జారినా మీకు మిగిలేది అరగంటే. పైగా అప్పటికి సగం మంది తినేసి కార్లు తీస్తుంటారు.

అందుకని క్యూని మధ్యలో కోయాలండి. 7:00 జంట ప్రవేశం, 7:05కి క్యూ మొదలు. 7:45కి క్యూ ఆపి మూడు డాన్సులు, పావుగంట. ఆ టైమ్‌కే జనం ఎక్కువగా ఉంటారు, పిల్లలు మేకప్ చెదరకుండా ఉంటారు. 8:00 నుంచి 8:40 దాకా మళ్లీ క్యూ. 8:40కి మిగతా నాలుగు డాన్సులు. చివరి డాన్సులో ఇరువైపుల కజిన్స్ అందరూ ఉండేలా చూసుకుంటే వాళ్లు స్టేజీ దిగకుండానే 9:00కి ఫ్లోర్ తెరుచుకుంటుంది. 9:55 దాకా మీది. ఈ 55 నిమిషాలను కాపాడటమే ఇప్పుడు ఇక్కడ డీజే అసలు పని. పాటలు ఎవరైనా వేస్తారు.

ఇదంతా కాగితం మీద రాసి రెండు కుటుంబాలకూ కనీసం వారం ముందు ఇవ్వండి. క్యూ ఆపే అధికారం డీజేకీ ఉండదు, నాకూ ఉండదు. ఇరువైపుల నుంచి ఒక్కో పెద్దమనిషిని స్టేజీ మెట్ల దగ్గర నిలబెట్టాలి. మేనమామ అయితే ఎవరూ మాట కాదనరు. ఫొటోగ్రాఫర్‌కి కూడా అదే కాగితం ఇవ్వాలి, లేకపోతే మీరు 7:45కి మైక్‌లో పిలుస్తుంటే ఆయన ఇంకో గ్రూపుని ఎక్కిస్తుంటారు.

కేఆర్‌పురం_లైన్‌చెక్

ప్లానర్ మేడమ్ చెప్పినది అక్షరాలా నిజం. సౌండ్ సంగతి నేను చెప్తా.

600 మంది అనగానే లాన్ మొత్తానికీ ఒకే సైజు మోత పంపాలనుకోకు తమ్ముడూ. గట్టిగా కావాల్సింది డాన్స్ ఫ్లోర్ దగ్గరే. ఫ్లోర్ 20 అడుగులకు 20 అడుగులు ఉంటే 400 చదరపు అడుగులు, అందులో ఒకేసారి ఆడేది 80, 90 మంది. దానికి రెండు పక్కలా ఒక్కో 15 అంగుళాల టాప్ (మాట, పాట వినిపించే పై బాక్స్), మొత్తం నాలుగు 18 అంగుళాల సబ్‌లు (బాస్ బాక్సులు) చాలు. టాప్‌లను మనిషి తల కంటే పైకి, 7 అడుగుల దాకా లేపి, ఫ్లోర్ మధ్యకు కిందికి వంచు. నేల మీద పెడితే ముందు వరుస చెవులు పోతాయి, వెనక వాళ్లకు మాట వినపడదు. బఫే వైపు చిన్న 10 అంగుళాల బాక్సులు రెండు వేరే లైన్‌లో పెట్టు. వాటికి వేరే వాల్యూమ్, బాస్ కోసెయ్.

బఫే బాక్సులు మెయిన్ నుంచి 20 మీటర్ల దూరంలో ఉంటే వాటికి డిలే ఇవ్వాలి, అంటే శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా పెట్టాలి. గాలిలో శబ్దం మీటరుకు దాదాపు 2.9 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 20 మీటర్లకు 58, దాని మీద ఇంకో 10 కలిపి 68 పెట్టు. పెట్టకపోతే యాంకర్ మాట రెండుసార్లు వినిపిస్తుంది, ఎవరికీ ఒక్క పేరు అర్థం కాదు.

ఇక గోడ. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్లోర్ మీద 4 మీటర్ల దగ్గర 100 ఉంటే 8 మీటర్లకు 94, 16కి 88, 32కి 82, 64 మీటర్ల గోడ దగ్గర 76. ఇది అడ్డేమీ లేనప్పటి లెక్క. బాక్సులు ఆ గోడ వైపు చూడకపోతే సన్నటి (హై ఫ్రీక్వెన్సీ) శబ్దం ఇంకా తగ్గుతుంది. బాస్ మాత్రం అన్ని వైపులా పోతుంది. ఫిర్యాదు వచ్చేది కూడా బాస్ మీదే. ఏ-వెయిటెడ్ మీటరు (మనిషి చెవి తీరుకు తగ్గట్టు కొలిచేది) బాస్‌ని తక్కువ చేసి చూపిస్తుంది. మీటర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఊరిలో కిటికీలు అదురుతుంటాయి.

దీనికి మందు సబ్‌లను కార్డియాయిడ్‌గా, అంటే బాస్ ముందుకు పోయి వెనక తగ్గేలా పెట్టడం. ఒకే మోడల్ సబ్‌లు రెండు, ఒకదాని వెనక ఒకటి, రెండూ ముందుకే చూడాలి. మధ్య దూరం 1.43 మీటర్లు. ఇది 60 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు. వెనక సబ్‌కి పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి 4.2 మిల్లీసెకన్ల డిలే ఇవ్వు. వెనక వైపు రెండూ కొట్టేసుకుంటాయి, ముందుకు కలుస్తాయి. వెనక్కి వెళ్లి నడుస్తూ విను. బాస్ తగ్గకపోతే డిలే తప్పు సబ్‌కి ఇచ్చావా, పోలారిటీ తిప్పడం మర్చిపోయావా చూసుకో. వేర్వేరు కంపెనీల సబ్‌లు కలిపితే ఇది పని చేయదు. అద్దెకు తెచ్చేటప్పుడే నాలుగూ ఒకే మోడల్ అడుగు.

రూల్5

చట్టం సంగతి చాలామంది తప్పుగా చెప్తుంటారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. బాంక్వెట్ హాల్, కమ్యూనిటీ హాల్ లాంటి మూసిన ప్రాంగణంలో, లోపలి వాళ్ల కోసం అయితే మినహాయింపు ఉంది. షామియానా, మూడు పక్కలా తెర కట్టిన లాన్, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్ మూసిన ప్రాంగణాలు కావు.

పగలు కూడా రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. 10 లోపు ఎంతైనా పెట్టొచ్చని కూడా కాదు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతానికి 65. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి 10 ఎక్కువ, లేదా 75, ఏది తక్కువైతే అది దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలో గోడ దగ్గర 65. పైన అన్న చెప్పిన 76 చట్టం లెక్కలో ఎక్కువే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ పగలు 50, రాత్రి 40.

10 నుంచి 12 దాకా ప్రత్యేక అనుమతి దొరుకుతుందని కొందరు ఏజెంట్లు క్లయింట్లకు చెప్తుంటారు. నమ్మకండి. ఆ సడలింపు సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ముందే ప్రకటించే రోజులకే. ఏడాదికి 15 రోజులు మించదు. ఒక ఇంటి పెళ్లికి అడిగి తెచ్చుకునేది కాదు. పరిమితి దాటిన స్పీకర్లను, ఆంప్లిఫయర్లను జప్తు చేసే ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 2005 జూలైలోనే రాష్ట్రాలకు చెప్పింది. బెంగళూరులో పక్కింటివాళ్లు 112కి ఫోన్ చేస్తారు. బండి వచ్చాక బతిమాలుకోవడం కంటే అనుమతి కాగితం నకలు కన్సోల్ (డీజే మిక్సర్ టేబుల్) దగ్గరే పెట్టుకోవడం మేలు.

కేఆర్‌పురం_లైన్‌చెక్

రూల్5 సర్ చెప్పింది సరే. అందుకే ఫ్లోర్ దగ్గర 100 పెట్టకుండా 94, 95లో ఆపితే గోడ దగ్గర 70 వస్తుంది. బాక్సులను గోడకు వీపు పెట్టి తిప్పి, మధ్యలో డెకరేషన్ వాళ్ల బ్యాక్‌డ్రాప్ అడ్డం పడేలా చూసుకుంటే మిగతాది తగ్గించుకోవచ్చు. టాప్‌లను ఫ్లోర్‌కి దగ్గరగా జరిపితే తక్కువ వాల్యూమ్‌లోనే గట్టిగా ఉన్నట్టు ఉంటుంది. నాలుగు చిన్న బాక్సులు ఫ్లోర్ నాలుగు మూలల్లో లోపలికి తిప్పి పెట్టడం నివాస ప్రాంతాల్లో ఇంకా మంచిది. స్టేజీ పక్కన రెండు పెద్ద బాక్సులు నిలబెట్టి 600 మందినీ కొట్టే పద్ధతి ఈ ఊళ్లో ఇక నడవదు.

ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా చూపిస్తాయి. క్లాస్ 2 సౌండ్ మీటరు ఒకటి కొనుక్కో. సౌండ్ చెక్‌లోనే గోడ దగ్గరకు నడిచి కొలిచి, కన్సోల్ మాస్టర్ ఫేడర్ (మొత్తం వాల్యూమ్ జరిపే మీట) మీద టేపుతో గీత పెట్టు. రాత్రంతా ఆ గీత దాటొద్దు.

తిప్పసంద్ర_మిక్స్

పాటల దగ్గరకొద్దాం. 55 నిమిషాలంటే ఒక్కో పాట 90 సెకన్లు వేస్తే 36 పాటలు. ఇప్పటి కుర్రాళ్లకు పల్లవి, హుక్ స్టెప్ అయ్యాక పాట మారాలి, రీల్స్ చూసే అలవాటు అది. కానీ 50 దాటిన వాళ్లు ఫ్లోర్ మీదకొచ్చినప్పుడు మాత్రం పాతపాటని చరణం దాకా పోనివ్వాలి. వాళ్లు పాడుకుంటూ ఆడతారు, మధ్యలో కోస్తే దిగిపోతారు, మళ్లీ రారు. కాబట్టి 36 కాదు, 28 నుంచి 30 పాటలకు ప్లాన్ చేసుకుని, ఇంకో 20 పక్కన పెట్టుకో.

భాషలు: తెలుగు ఒకటి, కన్నడ ఒకటి, మళ్లీ తెలుగు అని మార్చొద్దు. ప్రతి 90 సెకన్లకూ సగం ఫ్లోర్ ఆగి నిలబడుతుంది. మూడు నాలుగు పాటల గుత్తులుగా వెయ్. కోలారు వాళ్లంటే చాలామందికి తెలుగు వచ్చు, కాబట్టి తెలుగుతో నష్టం లేదు. అట్లని కన్నడ పాట చివరికి నెట్టకు. మొదటి గుత్తే కన్నడ అయితే మగపెళ్లివారి పెద్దలు ముందుకొస్తారు, తర్వాత ఏం వేసినా ఉంటారు. తమిళ కుత్తు, పంజాబీ ఆఫీసు స్నేహితుల కోసం చెరో గుత్తి. హిందీ గుత్తి మధ్యలో ఉంటే బాగుంటుంది, అందరికీ కొంత తెలుసు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: జంట ప్రవేశానికి ఎంచుకున్న పాట సాహిత్యం చివరిదాకా వినండి. ట్యూన్ ప్రేమగా ఉంటుంది, రెండో చరణంలో ఎడబాటో చావో ఉంటుంది. పెద్దలు ఆ మాట పట్టుకుంటారు.

చిత్తూరు_డప్పు

తిప్పసంద్ర అన్నా, లయ సంగతి వదిలేశారు. తీన్‌మార్, డప్పు, కుత్తు పాటలు చాలావరకు ఆరు ఎనిమిది (6/8) నడకలో ఉంటాయి. పంజాబీ, హిందీ డాన్స్ పాటలు నాలుగు నాలుగు (4/4). డీజే సాఫ్ట్‌వేర్ ఆరు ఎనిమిదిని తరచుగా మూడు రెండు నిష్పత్తిలో తప్పు చదువుతుంది: నిమిషానికి అసలు 100 దెబ్బలు ఉన్న పాటకు 150 చూపిస్తుంది. ఆ నంబర్ నమ్మి సింక్ (రెండు పాటల లయ కలిపే బటన్) నొక్కితే గుర్రం నడకలా చెదిరిపోతుంది. ప్రతి పాటకూ కాలు తట్టి సొంతంగా ట్యాప్ బటన్ కొట్టి గ్రిడ్ (దెబ్బలు ఎక్కడ పడతాయో చూపే గీతలు) సరిచేసుకోండి. 80లలో ఆర్కెస్ట్రా వాయించిన పాటల టెంపో మొదటి నుంచి చివరికి కదులుతూనే ఉంటుంది. వాటికి డైనమిక్ గ్రిడ్ (టెంపోతో పాటు కదిలేది) పెట్టాలి, లేదా సింక్ అసలు వాడకూడదు.

ఒక నడక నుంచి ఇంకో నడకకు పోయేటప్పుడు పొడవైన బ్లెండ్ వద్దు. పల్స్ ఒకటే చేసుకుని, వచ్చే పాట హై, మిడ్ కోసి కిక్ (డ్రమ్ దెబ్బ) మాత్రం నాలుగు దెబ్బలు వినిపించి, ఐదో దెబ్బకు పాతది కట్. లేదంటే ఎకో మీద వదిలి యాంకర్‌కి ఒక మాట ఇవ్వండి. ఇంకా మంచిది నిజమైన డప్పు వాళ్లనో తమటె (కన్నడ వైపు డప్పు) వాళ్లనో పెట్టుకోవడం. రెండు నడకల మధ్య 20 సెకన్లు వాళ్లు వాయిస్తే ఎవరికీ అతుకు తెలియదు. వాళ్ల దగ్గర చిన్న మానిటర్ బాక్స్ ఒకటి పెట్టండి. మెయిన్ బాక్సుల శబ్దం విని వాయిస్తే వాళ్లు ఎప్పుడూ వెనకబడతారు. ఓపెన్ లాన్‌లో డప్పుకి మైక్ అక్కర్లేదు, దాని మోత కూడా గోడ లెక్కలోకి వస్తుందని మర్చిపోవద్దు.

పెళ్లికూతురి_అన్న_560066

డీజేలు కాని వాళ్లు కూడా అడగొచ్చా? చెల్లెలి పెళ్లి ఉంది. మేం 120 పాటల ప్లేలిస్ట్ తయారుచేసి ఇస్తే డీజే గారు తీసుకోనంటున్నారు. స్ట్రీమింగ్ యాప్ లింక్ ఇస్తే కుదరదంటున్నారు. ఎందుకని?

తిప్పసంద్ర_మిక్స్

అడగండి, మీలాంటి వాళ్లే అడగాలి. 55 నిమిషాలకు 120 పాటలంటే మూడు గంటల సరుకు. పైగా మీ లిస్ట్‌లో ఏది తప్పనిసరి, ఏది ఊరికే రాశారో మాకు తెలియదు. మూడు లిస్టులివ్వండి: తప్పక వేయాల్సినవి 10, వేస్తే బాగుంటుందనేవి 20, అసలు వద్దనేవి ఎన్నయినా. మూడోదే అన్నిటికంటే విలువైనది. నానమ్మ ముందు ఏ ఐటెమ్ పాట వద్దో, ఏ హీరో పాట వేస్తే రెండు గుంపులు అరుచుకుంటాయో మీకే తెలుసు.

లింక్ వద్దనడానికి కారణం నెట్. లాన్‌లో 600 ఫోన్లు ఒకే టవర్ మీద ఉంటే పాట మధ్యలో ఆగుతుంది. వీడియో సైట్ నుంచి దించిన ఫైళ్లూ వద్దు. ఇయర్‌ఫోన్‌లో తేడా తెలియదు, 18 అంగుళాల సబ్ మీద బాస్ బురదలా వస్తుంది. కొన్న 320 కేబీపీఎస్ ఎంపీ3 లేదా వేవ్ ఫైలే మంచిది.

రిక్వెస్ట్‌ల కోసం కన్సోల్ దగ్గరకు జనం రావడం ఆపాలంటే టేబుళ్ల మీద క్యూఆర్ కోడ్ పెడుతున్నారు ఇప్పుడు, ఫారం నింపితే మా ట్యాబ్‌లో కనిపిస్తుంది. మంచిదే. కానీ వచ్చినవన్నీ వేస్తామని యాంకర్ చేత చెప్పించొద్దు.

సర్జాపూర్_ప్లానర్

అన్నగారూ, డీజేని మాట్లాడుకునేటప్పుడు ఇవి అడగండి: రెండో ల్యాప్‌టాప్ గానీ స్టాండలోన్ ప్లేయర్ (ల్యాప్‌టాప్ లేకుండా పెన్‌డ్రైవ్‌తో నడిచేది) గానీ ఉందా, వైర్‌లెస్ మైకులు ఎన్ని, సౌండ్ ఇంజనీర్ వేరేగా వస్తారా లేక డీజేనే రెండూ చూస్తారా, సౌండ్ చెక్ ఎన్నింటికి. ఎన్ని వాట్లు అని అడగడం వల్ల ఏమీ తెలియదు. బాక్స్ మీద రాసే 2000 వాట్లు పీక్ అంకె.

ఛత్రంలో, అంటే కళ్యాణ మంటపంలో చేస్తుంటే ఇంకో చిక్కు. బెంగళూరులో చాలా మంటపాల్లో హాల్ పైన, భోజనశాల కింద. తినడానికి కిందికి దిగినవాళ్లు మళ్లీ మెట్లెక్కరు, అటునుంచి అటే పార్కింగ్‌కి పోతారు. అక్కడ డాన్సులు తప్పకుండా భోజనం జోరుకు ముందే, 7:45కే పెట్టాలి. కింద ఒక చిన్న బాక్స్, ఒక టీవీ పెట్టి పైన జరిగేది చూపిస్తే కొందరైనా తిరిగి వస్తారు. పైగా హాల్ మీకు దొరికేది పాత పార్టీ ఖాళీ చేశాక, మధ్యాహ్నం దాటాకే. డెకరేషన్ నిచ్చెనలు తీసేదాకా సౌండ్ వాళ్లకు చోటుండదు. 5:30కి సౌండ్ చెక్ కావాలంటే డెకరేటర్‌కి 4:30 గడువు రాసివ్వాలి.

అనంతపురం_బీట్స్

చానా ఉపయోగం అన్నా. కరెంటు సంగతి కూడా చెప్పండి. లాన్ వాళ్లు జనరేటర్ ఉందంటున్నారు. డాన్సుల ట్రాకులు కొరియోగ్రాఫర్ వాట్సాప్‌లో పంపిస్తాడంట.

కేఆర్‌పురం_లైన్‌చెక్

కరెంటు: సౌండ్‌కి వేరే ఫేజ్ అడుగు. లైట్ల డిమ్మర్లు, కేటరింగ్ వాళ్ల ఫ్రిజ్‌లు ఉన్న ఫేజ్ మీద పెడితే జుమ్మని మోగుతూనే ఉంటుంది. 16 ఆంపియర్ల సాకెట్ అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 3.7 కిలోవాట్లు. క్లాస్ డి (తక్కువ కరెంటు తినే ఆంప్ ఉన్న) బాక్సులకు ఇట్లాంటివి రెండు చాలు. 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడు. సన్నటి వైరు వేస్తే వేడెక్కుతుంది, బాస్ కొట్టినప్పుడల్లా వోల్టేజ్ పడి బాక్స్ తనంతట తానే శబ్దం తగ్గించుకుంటుంది. రీల్ చుట్టి ఉంచి వాడొద్దు, మొత్తం విప్పాలి.

మెయిన్స్ నుంచి జనరేటర్‌కి మారేటప్పుడు కొన్ని సెకన్లు ఖాళీ వస్తుంది. డిజిటల్ మిక్సర్ మళ్లీ లేవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి మిక్సర్, స్టాండలోన్ ప్లేయర్, వైర్‌లెస్ రిసీవర్లు ఒక 1 కేవీఏ యూపీఎస్ మీద పెట్టు. యూఎస్‌బీ మీద నడిచే కంట్రోలర్ ల్యాప్‌టాప్ బ్యాటరీతోనే బతుకుతుంది. పవర్డ్ (లోపలే ఆంప్ ఉన్న) బాక్సులను యూపీఎస్ మీద పెట్టొద్దు. కరెంటు పోగానే మాస్టర్ మ్యూట్ చెయ్, బాక్సులు లేచాక వదులు.

హమ్ (జుమ్మనే మోత) వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. ఆగితే అదే కారణం, ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టే వాళ్లను నీ దగ్గర పని చేయనివ్వకు. తడి గడ్డి మీద మైక్ పట్టుకున్న మనిషి ప్రాణం అది. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్, మిక్సర్) కేబుళ్లు, స్పీకాన్ (స్పీకర్) కనెక్టర్లు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, ముందే చూసుకో.

తిప్పసంద్ర_మిక్స్

డాన్స్ ట్రాకులు వాట్సాప్‌లో ఆడియోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపమను, లేదా డ్రైవ్ లింక్. ఫైల్ పేరు "1_వధువు పిన్నమ్మలు_నిలబడి మొదలు" లాగా ఉండాలి. నిలబడి మొదలా, పాట వచ్చాక ఎంట్రీనా అన్నది పేరులోనే తెలియాలి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని రెండు వస్తే ఫోన్ చేసి పాత దాన్ని తీసెయ్.

ప్రతి ట్రాక్ మొదట్నుంచి చివరిదాకా విను. ఫోన్ యాప్‌లో అతికించిన మెడ్లీల్లో ఒక ముక్క గట్టిగా, ఇంకోటి మెల్లగా ఉంటుంది. మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి) కూడా విను. కొన్ని చవక ఎడిట్లలో ఎడమ కుడి ఎదురు ఫేజ్‌లో ఉండి, మోనో చేయగానే గొంతు మాయమవుతుంది. లాన్‌లో బఫే బాక్సులు మోనోనే కదా.

ఇవన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకో, ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్. పాత ప్లేయర్లు వేరే ఫార్మాట్లు చదవవు.

ఇప్పుడు గొంతు, వాద్యం విడదీసే స్టెమ్స్ సాఫ్ట్‌వేర్‌లోనే వచ్చాయి. పెళ్లికొడుకు పాడతానంటే అప్పటికప్పుడు కరావోకే చేయొచ్చు. ముందే ఇంట్లో విడదీసి సేవ్ చేసుకుంటే ఇంకా శుభ్రంగా ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో లైవ్‌గా చేస్తే ప్రాసెసర్ వేడెక్కి పాట తెగుతుంది.

హెబ్బాళ_లైట్స్

ఎల్ఈడీ వాల్ గురించి ఎవరూ అనలేదు. డీజే ల్యాప్‌టాప్ నుంచి వాల్‌కి వీడియో పంపొద్దు, వేరే ల్యాప్‌టాప్ ఉండాలి. 15 మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ మీద నల్లగా మిణుకుతుంది, ఫైబర్ హెచ్‌డీఎంఐ గానీ ఎస్‌డీఐ (దూరానికి వాడే వీడియో కేబుల్) గానీ వాడాలి. వైర్‌లెస్ మైకుల ఫ్రీక్వెన్సీ స్కాన్ వాల్ ఆన్ అయ్యాకే చేయండి. వాల్ నుంచి వచ్చే రేడియో రొద వల్ల మధ్యాహ్నం బాగున్న ఛానల్ రాత్రి గరగరమంటుంది. రిసీవర్ యాంటెన్నాలు మనిషి తల ఎత్తులో, మైక్ కనిపించేలా ఉండాలి, వాల్ వెనక కాదు. వీడియో టీం వాళ్ల కాలర్ మైకుల ఫ్రీక్వెన్సీలు కూడా అడిగి రాసుకోండి. ఒక వైర్డ్ మైక్ స్టేజీ మీద ఎప్పుడూ ఉంచండి.

కోల్డ్ పైరో (మెషీన్ నుంచి చిమ్మే నిప్పురవ్వలు) అడుగుతారు. మనుషులకు, పట్టుచీరలకు, పూల తోరణాలకు కనీసం 3 మీటర్లు దూరం. లోపల ఉండేది లోహపు పొడి, అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక బకెట్ పక్కన ఉండాలి.

పెళ్లికూతురి_అన్న_560066

10 తర్వాత సైలెంట్ డిస్కో పెడతామని ఒకరు చెప్పారు. పనికొస్తుందా?

తిప్పసంద్ర_మిక్స్

పనికొస్తుంది, కానీ అందరికీ కాదు. మూడు ఛానళ్లు, మూడు రంగుల లైట్లు: ఒకదాంట్లో తెలుగు, ఒకదాంట్లో కన్నడ, ఒకదాంట్లో హిందీ. భాషల గొడవ అక్కడితో తీరుతుంది. 100 హెడ్‌సెట్లు తీసుకుంటే ఇద్దరు మనుషులు ఇవ్వడానికీ వెనక్కి తీసుకోవడానికీ ఉండాలి, లేదా పార్కింగ్‌కి వెళ్లిపోతాయి. చార్జింగ్ మధ్యాహ్నమే చూసుకోవాలి.

సర్జాపూర్_ప్లానర్

నేను ఒప్పుకోనండి. మర్నాడు పొద్దున ముహూర్తం ఉన్న పెళ్లికి సైలెంట్ డిస్కో వద్దు. పెళ్లికూతురు తెల్లవారుజామునే లేచి మంగళస్నానం చేయాలి. అతిథులు ఉంటే జంట వెళ్లలేదు. ముహూర్తం అయిపోయాక పెట్టుకునే రిసెప్షన్ అయితే సరే. ఇంకో మాట, పెద్దవాళ్లకు జడల మీద, పూల మీద హెడ్‌ఫోన్ కూర్చోదు. వాళ్లు పక్కన కూర్చుని నిశ్శబ్దంగా గెంతుతున్న పిల్లల్ని చూడాల్సి వస్తుంది. కుటుంబం మొత్తం కలిసి ఆడేది ఆ 55 నిమిషాల్లోనే జరగాలి.

తిప్పసంద్ర_మిక్స్

ముహూర్తం ముందు రోజు అయితే మేడమ్ మాటే సరి. విడిగా స్నేహితులకు మాత్రమే పెట్టే పార్టీలకు అది ఉంచుకోండి.

రూల్5

మ్యూజిక్ లైసెన్స్ గురించి కూడా హోటళ్లు అడుగుతుంటాయి కాబట్టి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం మతపరమైన వేడుకలో పాటలు వినిపించడం ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సామాజిక వేడుకలు అందులోకే వస్తాయని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వపు డీపీఐఐటీ (పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం) కూడా ఇదే గుర్తుచేస్తూ నోటీసు ఇచ్చింది. దాన్ని ప్రింట్ తీసి హాల్ మేనేజర్‌కి ముందే ఇవ్వండి. హాల్ అగ్రిమెంట్‌లో లైసెన్స్ మీరే తెచ్చుకోవాలని రాసి ఉంటే సంతకానికి ముందే ఆ వాక్యం గురించి మాట్లాడుకోవాలి, పెళ్లి రోజు సాయంత్రం కాదు. ఆఫీసు పార్టీ, న్యూ ఇయర్ ఈవెంట్ ఈ మినహాయింపులోకి రావు.

అనంతపురం_బీట్స్

అందరికీ చానా థాంక్స్. క్యూని రెండు ముక్కలు చేసే మాట ఇరువైపుల పెద్దోళ్లతో మాట్లాడినాం, మేనమామలు ఒప్పుకున్నారు. సబ్‌లు నాలుగూ ఒకే మోడల్ దొరికినాయి. ఒక్కటే అనుమానం, వాన వస్తే?

కేఆర్‌పురం_లైన్‌చెక్

కన్సోల్‌కి టార్పాలిన్ కాదు, మెటల్ ఫ్రేమ్ షెడ్ అడుగు. వానతోపాటు గాలి ఉంటుంది, టార్పాలిన్ ఎగిరిపోతుంది. బాక్సుల స్టాండ్‌లకు ఇసుక మూటలు కట్టు. పవర్ జాయింట్ ఒక్కటి కూడా నేల మీద ఉండకూడదు, ఇటుకల మీదో క్రేట్ల మీదో పెట్టి పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించు. నీ డిస్ట్రిబ్యూషన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉందా లేదా చూసి, టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో ముందే చూసుకో. చినుకు మొదలవగానే బాక్సుల మీద కవర్ వేసి మ్యూట్ చెయ్, కరెంటు మెయిన్ దగ్గర తీసెయ్. వెలిసిన తర్వాత కనెక్టర్లు ఒక్కొక్కటే తుడిచి, ముందు మిక్సర్, ఆఖరున బాక్సులు ఆన్ చెయ్. 9:30కి వెలిస్తే మిగిలిన పాతిక నిమిషాలకు నువ్వు ముందే రాసుకున్న పది తప్పనిసరి పాటల లిస్ట్ తీసి, కన్నడ గుత్తితో మొదలుపెట్టు.